యాభై రెండు కిలోల తూనికరాయి

మా ఆయనకు నా మీద ఎంత నమ్మకమో చెప్పాలంటే కాటా దగ్గర మొదలుపెట్టాలి. పలాసలో మాకు జీడిపిక్కలు కొని అమ్మే చిన్న గోడౌను ఉంది. వేసవిలో పిక్కలు రావడం మొదలయ్యే ముందు ఒక మంచిరోజు చూసి కాటాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడతాం. ఇంతవరకూ అందరూ చేసేదే. ఆ తరవాత మావాళ్లు చేసేది మాత్రం నేనింకెక్కడా వినలేదు. కాటా మీద మొదట బస్తా పెట్టరు. నన్ను నిలబెడతారు.

కారణం నా బరువు. పెళ్లినాడు యాభై రెండు కిలోలు. ఇద్దరు పిల్లలు పుట్టి, వాళ్లు పెరిగి, విశాఖలో ఉద్యోగాలకు వెళ్లినా యాభై రెండే. పాత ముల్లు కాటా పోయి అంకెలు వెలిగే కాటా వచ్చినప్పుడు, అమ్మినవాడు తెచ్చిన ఇనప రాళ్లను మా ఆయన అనుమానంగా చూసి, వాటిని పక్కన పెట్టించి నన్ను పిలిపించాడు. నేను ఎక్కాను. యాభై రెండు అని వెలిగింది. కాటా పాసయింది. ఆ రోజు నుంచి ఆ గోడౌనులో నేను సర్కారు ముద్ర లేని తూనికరాయిని. ఆడదాని జన్మకు ఇంతకన్నా ఏం కావాలి?

ఈ గౌరవాన్ని నేను ఊరికే మోయలేదు. మా తోటికోడలి మీద బాగా వాడాను. ఆవిడ మా బావగారి భార్య, నాకు అక్క వరస. కవిటి దగ్గర కొబ్బరి తోట చూసుకుంటుంది. భారీ మనిషి. ప్రతి ఏడూ పూజకు వస్తుంది, నా తరవాత తనూ సరదాగా కాటా ఎక్కుతుంది. ఆవిడ ఎక్కినప్పుడల్లా, సీజను మొదలవకముందే కాటాకు బస్తాల బరువు అలవాటు చేస్తున్నావా అక్కా అని అడిగేదాన్ని. అందరూ నవ్వేవారు. ఆవిడా నవ్వేది. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు అంటే, అది పొలాలున్నవాళ్ల సామెత, నాకెందుకు అనుకున్నాను.

ఇక్కడ మా ప్రాంతపు పలకరింపు గురించి చెప్పాలి. మా ఉద్దానంలో బాగున్నావా అని అడగరు. క్రియాటినిన్ ఎంతొచ్చిందని అడుగుతారు. కిడ్నీల పనితనం చెప్పే ఆ రక్తపరీక్ష అంకె సరిగ్గా ఉంటే ఆ మనిషికి ఇంకే జబ్బూ లేనట్టే. గుండె, కళ్లు, ఎముకలు మాకు లేవు. ఉన్నా అవి పక్క జిల్లావాళ్ల బాధలు. నా అంకె ఎప్పుడూ బాగానే వచ్చేది. కాటా మీద ఒక సర్టిఫికెట్టు, రక్తంలో ఇంకో సర్టిఫికెట్టు. రెండు డిగ్రీలు ఉన్నదాన్ని కనుక నేను నడిచే తీరే వేరుగా ఉండేది.

కొన్నేళ్ల కిందట మా ఆయన అంకె పెరిగింది. మా మామగారు కిడ్నీ జబ్బుతోనే పోయారు. చివరి రోజుల్లో ఆయన కాళ్లు ఎలా వాచాయో, కొలిచి ఇచ్చే నీళ్ల గ్లాసు వైపు ఎలా చూసేవారో దగ్గరుండి చూసినదాన్ని. మా ఆయన కాగితం తెచ్చి చేతిలో పెట్టినప్పుడు నేను ముందు ఆయన కాళ్ల వైపు చూశాను. ఇద్దరం కలిసి వెళ్తే, డయాలసిస్ దాకా పోలేదని, జాగ్రత్తగా ఉంటే చాలా కాలం నెట్టుకురావచ్చని డాక్టరు చెప్పాడు. ఉప్పు తగ్గించమన్నాడు. పప్పు, చేప, మాంసం ఎంతెంత తినాలో చెప్పాడు.

జాగ్రత్త అనే మాట నా చెవిన పడ్డాక ఇంక నన్ను ఆపేవాడెవడు? డాక్టరు చెప్పినదానికి నా తరఫున కొంత కలిపాను. మా వంటింట్లోంచి పప్పు వెళ్లిపోయింది. చేపలు వెళ్లిపోయాయి. గుడ్డు, పాలు, కొబ్బరి, ఎండుచేపల డబ్బా, ఒకదాని తరవాత ఒకటి సామాను సర్దుకున్నాయి. మిగిలింది తెల్లన్నం, పలచని చారు, బీరకాయ, ఆనపకాయ. ఒక మనిషికి రాసిన పథ్యం ఇంటికంతటికీ పెట్టడం మావైపు కొత్తేమీ కాదు. ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బొస్తే మిగతావాళ్లు ముందుజాగ్రత్తగా పప్పు మానేసిన ఇళ్లు నాకు తెలుసు. నన్నడిగినవాళ్లకు నేనూ ముందుజాగ్రత్త అనే చెప్పాను. విన్నవాళ్లు మెచ్చుకున్నారు.

అసలు సంగతి అది కాదు. మా ఆయన భావనపాడు సముద్రంలో పట్టే చిన్న చేపలు, మెత్తళ్ల పులుసుకు ప్రాణం పెట్టే మనిషి. అలాంటివాడు ఎదురుగా కూర్చుని చారులో వేలు తిప్పుకుంటుంటే, పక్కన నేను చేపముక్క ఎలా మింగను? నా గొంతు దిగదు. అంతే. ఇందులో త్యాగమూ లేదు, ముందుజాగ్రత్తా లేదు. ఆయన తినలేనిది నాకు సహించలేదు.

కానీ ఆకలి అనేది ఒకటుంటుంది కదా. ఆయన గోడౌనుకు వెళ్లగానే అది వచ్చి కూర్చునేది. బిస్కెట్లు, జంతికలు, పంచదార దండిగా వేసిన టీ, పొద్దుపోయేదాకా టీవీ. ఇవి వద్దని నాకెవరూ చెప్పలేదు. బయటికి వెళ్తే గొడుగు, నాలుగడుగులు వేయాల్సి వస్తే ఆటో. చేతులూ కాళ్లూ పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం మెల్లగా ముందుకొచ్చింది. చీర కుచ్చిళ్లు మన దేశంలో ఎంతమంది పరువు కాపాడుతున్నాయో లెక్క తీసినవాళ్లు లేరు. కాటాకు కుచ్చిళ్ల వెనకేముందో తెలియదు. అది పాపం యాభై రెండు అనే చెప్పేది.

పోయిన వేసవి పూజనాడు కొబ్బరికాయ ఒక దెబ్బకు పగల్లేదు. మా ఆయన రెండోసారి గట్టిగా కొట్టేసరికి నీళ్లు కాటా రేకు మీద చిందాయి. అపశకునమా అని ఎవరో గొణిగారు, ఏమీ కాదని ఇంకెవరో సర్దారు. నన్ను ఎక్కమన్నారు. ఎక్కాను. యాభై రెండు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఓసారి అక్క వైపు చూసి, దిగబోతూ ఆ తడి మీద కాలు జారి పక్కకు పడ్డాను. పడేటప్పుడు చెయ్యి ఆనించాను. పుల్ల విరిగినట్టు చప్పుడైంది. కొబ్బరికాయ రెండు దెబ్బలు తింది. నా మణికట్టుకు ఒకటి చాలింది.

మొదట దిష్టి అన్నారు. అంత సన్నటి మనిషిని పట్టుకుని అందరూ అలా చూస్తే మరేమవుతుందన్నారు. మా ఆయన ఉప్పు, మిరపకాయలు తిప్పించాడు కూడా. పలాసలో కట్టు వేశారు. వేసినాయన, ఇంత చిన్నగా పడినదానికే ఇంతలా విరగడం బాగాలేదు, శ్రీకాకుళంలో చూపించుకోండి అన్నాడు. సీజను మొదలైంది కనుక మా ఆయనకు గోడౌను వదిలే వీలు లేదు. నా వెంట ఎవరు వచ్చారంటారు? నేను బస్తా అని ఏడిపించిన మనిషే. బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, టెక్కలి దాటేదాకా నా కట్టు చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ ఒడి మెత్తగా ఉందని ఒప్పుకోక తప్పదు.

శ్రీకాకుళంలో ఎముకల డాక్టరమ్మ ఎంత ఎత్తు నుంచి పడ్డావని అడిగింది. జానెడు అన్నాను. జానెడు ఎత్తు నుంచి పడితే నొప్పి పుట్టాలి గానీ ఎముక విరగకూడదని, ఎముకల గట్టిదనం చూసే స్కాను తీయించింది. ఆ కాగితం చూసి, వయసుకు మించి ఎముకలు పలచబడ్డాయంది. నేను ఒప్పుకోలేదు. క్రియాటినిన్ బాగుందన్నాను. అది కిడ్నీ సంగతి అంది. నా బరువు ఇన్నేళ్లుగా గ్రాము కదల్లేదని, నన్ను చూసి కాటాలు దిద్దుకుంటారని చెప్పాను. డాక్టరమ్మ కళ్లజోడు తీసి నన్ను పరీక్షగా చూసింది.

చేతులతో ఆనుకోకుండా కుర్చీలోంచి లేవమంది. ఇదేం పరీక్ష, ఒకటో తరగతి పిల్లలక్కూడా పెట్టరు అనుకుంటూ లేవబోయాను. లేవలేకపోయాను. మళ్లీ ప్రయత్నించి, ఊగి, కూలబడ్డాను. పక్కన అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ నవ్విందని నేను ఇప్పటికీ అంటాను, దగ్గొచ్చిందని ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ తరవాత డాక్టరమ్మ టేపు తెచ్చి నా నడుం కొలిచింది. కుచ్చిళ్ల గుట్టు బయటపడింది.

అప్పుడు చెప్పింది. బరువు మారకపోయినంత మాత్రాన లోపలి సరుకు మారలేదని కాదు. నా ఒంట్లో కండ కరిగిపోయి, ఆ జాగాలో కొవ్వు వచ్చి కూర్చుంది. రెండూ కలిపితే అదే యాభై రెండు. ఎముకను లాగి, పని చెప్పి, గట్టిగా ఉంచేది కండ. పొట్టలో పేరుకున్న కొవ్వు ఆ పని చెయ్యకపోగా ఎముకకు చెరుపే చేస్తుందట. అదొక్కటే కారణం కాదని, వయసూ, ఎండ మొహం చూడకపోవడమూ, తిండీ అన్నీ కలిశాయని కూడా అంది. లావుగా ఉన్నవాళ్లను లోకమంతా హెచ్చరిస్తుంది, మీలాంటివాళ్లను పొగుడుతుంది, అందుకే మీరు ఎముక విరిగాక గానీ నా దగ్గరికి రారు అంది.

అంటే నేను సన్నగా కనిపించే లావు మనిషిని. పైన పటారం, లోన లొటారం. ఇన్నేళ్ల నా డిగ్రీలు రెండూ ఆ గదిలోనే చెల్లకుండా పోయాయి. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ఏది ముందు చూపించాలో తెలియక, మరి ఈవిడ సంగతేమిటని అక్కను చూపించాను. ఆవిడ ఎముకల సంగతి పరీక్ష చేయకుండా చెప్పలేనని, సుగర్ ఉందని ఆవిడే ఒప్పుకుంది కనుక బరువు మాత్రం తగ్గాలని డాక్టరమ్మ అంది. ఆ ఒక్క మాటకు నాకు కొంచెం ఊపిరాడింది. మనిషి బుద్ధి అంతే.

మాత్రలు రాసింది. రోజూ పప్పు తినాలి, గుడ్డు తినాలి, పాలు తాగాలి, చిన్న చేపలు ముల్లుతో సహా నమిలి తినాలి, ఎండలో నడవాలి, చెయ్యి బాగయ్యాక చిన్న చిన్న బరువులు ఎత్తాలి అంది. ఇంకోసారి తుంటి ఎముక విరిగితే మంచం దిగడం కష్టమని కూడా చెప్పింది. అన్నీ విన్నాను. తలూపాను.

ఇంటికి వచ్చి మా ఆయనతో ఏం చెప్పాను? మాత్రలిచ్చారని చెప్పాను. తిండి మాట మింగేశాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, కాటా అబద్ధం చెప్పదు కనుక స్కాను మిషనే పాడై ఉంటుందని తేల్చాడు. పిక్కల వ్యాపారం చేసే మనిషి అన్న మాటేనా ఇది? బస్తా ఎంత బరువు తూగినా సరే, చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు పిక్కలు తీసి, కోసి, లోపల పప్పు నిండుగా ఉందా ముడుచుకుపోయిందా అని చూడకుండా బేరం మాట్లాడడు. కన్నతండ్రి తెచ్చిన బస్తా అయినా కోస్తాడు. పెళ్లాం దగ్గరికి వచ్చేసరికి బరువు చాలింది.

నేనూ ఆయన్ని దిద్దలేదు. మాత్రలు వేసుకున్నాను, పెరట్లో ఎండలో కూర్చున్నాను, చారన్నం తిన్నాను. పప్పు డబ్బా మూత తీసినప్పుడల్లా ఎదురుగా ఆయన కంచం కనిపించేది. ఆయనకు పెట్టకుండా నేను తినలేను. ఆయనకు పెడితే ఆ అంకె పెరుగుతుంది. మా మామగారి కాళ్లు గుర్తుకొచ్చేవి. నా ఎముకలు విరిగితే అతుక్కుంటాయి, ఆయన కిడ్నీలు అతుక్కోవు. ఇదీ నా లెక్క. డబ్బా మూత మళ్లీ పెట్టేసేదాన్ని.

కట్టు విప్పిన కొన్నాళ్లకు అక్క చూడ్డానికి వచ్చింది. మధ్యాహ్నం వేళ, మా ఆయన భోజనానికి కూర్చున్నాడు. ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలు తీసింది. అన్నం, చారు, బీరకాయ. చారు గిన్నె పట్టుకుని బయటికొచ్చి మా మధ్య పెట్టింది.

"ఓలె పిల్లా, డాక్టరమ్మ నీకేటి సెప్పినాది, నువ్వేటి తింతన్నావు? పప్పు తినమన్నాది, సేపలు తినమన్నాది. తుంటి ఇరిగితే మంచమే అన్నాదా నేదా? నీ మొగుడికి సెప్పినావా?"

నేను తల వంచుకున్నాను. ఆవిడ బరువు నూరు దాటినా, నోటి ముందు అది తక్కువే. మా ఆయన నా వైపు చూశాడు. చెయ్యి కడుక్కుని, అన్నం సగంలో వదిలి, గోడౌనుకు వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా నాకు కుదురు లేదు. ఆయనకు కోపం వచ్చిందని అనుకున్నాను. డాక్టరు మాట దాచినందుకు కాదు, ఆయన ముందు చేపల మాట ఎత్తినందుకు.

పొద్దు వాలకముందే వచ్చాడు. చేతిలో కవరు, కవర్లో తాజా మెత్తళ్లు. భావనపాడు నుంచి బండి మీద వచ్చేవాడి దగ్గర తీసుకున్నాడట. గట్టు మీద పెట్టి పులుసు పెట్టమన్నాడు. ఎవరికని అడిగాను. నీకే అన్నాడు. నాకొద్దన్నాను. అక్క చింతపండు నానబెట్టింది. ఎన్నేళ్ల తరవాతో మా ఇంట్లో ఆ వాసన లేచింది. నాకు ఆకలేసింది, ఆ ఆకలికి సిగ్గేసింది.

అన్నాలు వడ్డించే వేళకు ఆయన నా ఎదురుగా కూర్చుని, గరిటె తనే తీసుకుని నా కంచంలో పులుసు వేశాడు. తినమన్నాడు. ముద్ద కలిపాను గానీ చెయ్యి పైకి లేవలేదు.

"నువ్వు సూత్తా ఉంటే నాకు దిగదు బావా" అన్నాను. మేనబావనే చేసుకున్నాను, అందుకని ఇప్పటికీ బావా అనే పిలుస్తాను.

ఆయన నా కంచంలో ఇంకో మెత్తడు వేశాడు.

"బస్తా కొయ్యకుండా ఎప్పుడూ కొన్నేదు. నిన్ను మాత్రం పైన సూసి ఊరుకున్నాను" అన్నాడు. "నువ్వు మంచాన పడితే నన్నెవుడు సూత్తాడే? తిను."

ఓదార్పు మాటలో కూడా తన పని చూసుకున్నాడు, వ్యాపారస్తుడు కదా. నాకు నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ తిరిగాయి. మరి నీకో అని అడిగాను. అప్పుడు ఆయన అన్న మాట నేను ఊహించింది కాదు.

"ఆ డాక్టరు నన్ను మానేమన్నేదు. కొలిసి తినమన్నాడు. వారానికిన్ని ముక్కలని కూడా సెప్పినాడు. నువ్వూ అక్కడే ఉన్నావు కదేటి. ఇంటికొచ్చి నువ్వు అన్నీ తీసేసినావు. అడుగుదామనుకున్నాను. నువ్వు కూడా తినకండా నాతో చారు తాగతన్నావు. నీకోసరమని నోరు మూసుకున్నాను."

వంటింట్లో అక్క చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

ఎవరి కోసం మేం ఇన్నేళ్లు చారు తాగామో ఇప్పుడు ఎవరు చెప్పాలి? ఆయన కోసం నేను మానేశాను. నా కోసం ఆయన అడగలేదు. మధ్యలో మణికట్టు విరిగింది. ఇంత తెలివైన జంట ఉద్దానం మొత్తంలో ఇంకోటి ఉండదు. కోపంతో ఏదో అనబోయి, ఆయన మొహం చూసి మానేశాను. చిక్కిపోయిన ఆ మొహం పులుసు గిన్నె వైపు దొంగచూపులు చూస్తోంది.

డాక్టరు చెప్పిన కొలత నాకు గుర్తుంది. ఎప్పుడూ గుర్తే. గరిటె ఆయన చేతిలోంచి తీసుకుని, ఆ కొలతకు ఒక్క మెత్తడు కూడా మించకుండా ఆయన కంచంలో వేశాను. ఆయన ఒకటి తీసి ముల్లుతో సహా నమిలాడు. నేనూ నమిలాను. కాసేపటికి అక్క కూడా కంచం తెచ్చుకుని మా పక్కన కూర్చుంది.

ఆయన జబ్బు తలుచుకుని పెట్టిన పులుసులో ఉప్పు బాగా తక్కువైంది. ముగ్గురిలో ఒక్కరమూ ఆ మాట అనలేదు.